కర్ణాటక వయొలిన్ నుంచి జాజ్ కోర్సుకి వచ్చా, కార్డ్స్ మారేసరికి సోలో మొత్తం చెదిరిపోతోంది, దారి చెప్పండి

ఫిడేలుపిల్ల:

నమస్తే అందరికీ. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి.

మాది విజయనగరం. ఎనిమిదో ఏట వయొలిన్ పట్టుకున్నా, పన్నెండేళ్ళు కర్ణాటకం నేర్చుకున్నా, ఊళ్ళో మ్యూజిక్ కాలేజీలో డిప్లొమా కూడా అయింది. ఇంట్లో వాళ్ళని ఎలాగోలా ఒప్పించి ఇప్పుడు చెన్నై వైపు ఒక మ్యూజిక్ అకాడెమీలో జాజ్ పెర్ఫార్మెన్స్ చదువుతున్నా, ఏడాది కోర్సు, చేరి పది వారాలైంది. వారానికి ఒక గంట ప్రైవేట్ లెసన్, రెండు ఎన్సాంబుల్ (గ్రూపుగా వాయించే) క్లాసులు, ఇయర్ ట్రైనింగ్, హార్మనీ, జాజ్ హిస్టరీ ఉంటాయి. సెమిస్టర్ చివర్లో జ్యూరీ, అంటే టీచర్లందరి ముందు నిలబడి బ్యాండ్‌తో వాయించాలి, దానికి ఇంకా ఆరు వారాలే టైముంది.

ఇంప్రొవైజేషన్ నాకు కొత్త కాదండి. తోడి ఆలాపన ఇరవై నిమిషాలు చేస్తా, కల్పనస్వరాలు ఏ ఎడుపు (తాళంలో మొదలుపెట్టే చోటు) ఇచ్చినా వేస్తా, చిన్నప్పట్నుంచి మన సంగీతం, జాజ్ కలిపిన శక్తి బ్యాండ్ వింటూ పెరిగా కాబట్టి జాజ్ అంటే మన మనోధర్మం లాంటిదే కదా, సులువుగా పట్టేస్తా అనుకుని చేరా. తీరా ఇక్కడ బి ఫ్లాట్ బ్లూస్ ఇచ్చారు, పన్నెండు బార్లే (బార్ అంటే నాలుగు అక్షరాలు), నేను రెండు కోరస్‌లు, అంటే ఆ పన్నెండు బార్లూ రెండుసార్లు వాయించగానే టీచర్ చెయ్యెత్తి ఆపేసి నువ్వు వాయించింది బాగుంది కానీ ఈ పాటది కాదు, నీ పక్కన బేస్ వాయించే అబ్బాయి ఎటు వెళ్తున్నాడో నీకు వినపడట్లేదు అన్నారు. కోపంగా అనలేదు, మామూలుగానే అన్నారు, అయినా ప్రాక్టీస్ రూమ్‌కి వెళ్ళి చాలాసేపు ఏడ్చా. ఎందుకంటే ఆయనన్నది నిజం, నాకు నిజంగానే వినపడట్లేదు.

నేను చేస్తున్నది ఏంటంటే ఇక్కడి స్కేల్స్‌కి సరిపోయే మన రాగాలతో ఒక టేబుల్ రాసుకున్నా. అయోనియన్ అంటే శంకరాభరణం, డోరియన్ అంటే ఖరహరప్రియ, ఫ్రిజియన్ అంటే హనుమతోడి, లిడియన్ అంటే కల్యాణి, మిక్సోలిడియన్ అంటే హరికాంభోజి, ఏయోలియన్ అంటే నఠభైరవి. మెలోడిక్ మైనర్‌కి గౌరీమనోహరి. కార్డ్ (ఒకేసారి మోగే మూడు నాలుగు స్వరాలు) రాగానే రాగం పేరు గుర్తు తెచ్చుకుంటా, పేరు గుర్తొచ్చేలోపు ఆ కార్డ్ అయిపోయి ఇంకోటి వచ్చేస్తుంది. టెంపో 160 అంటే ఒక బార్ ఒకటిన్నర సెకను, అంతలో రాగం ఎక్కడ పాడతాం?

ఇంకో గొడవ శ్రుతి. మనది స ప స ప, కింద కూర్చుని వాయిస్తాం, ఎక్కువ పని రెండు వేళ్ళతోనే. ఇక్కడ జి డి ఎ ఇ, నిలబడి, నాలుగు వేళ్ళూ వాడాలి, పైగా సాక్సోఫోన్, ట్రంపెట్ వాళ్ళకి అనుకూలంగా పాటలన్నీ బి ఫ్లాట్, ఇ ఫ్లాట్, ఎఫ్‌లో ఉంటాయి.

నా టేబుల్ తప్పా? శ్రుతి మార్చాలా వద్దా? ఈ కోర్సు తర్వాత డిగ్రీకి బయటికి వెళ్ళే దారి ఏమైనా ఉందా? ఇందులో దేనికి తెలిసినా చెప్పండి.

టెనార్‌గాలి:

హాయ్ అండి, నేను హైదరాబాద్, సాక్సోఫోన్. కొన్నేళ్ళ కింద ఇలాంటి కోర్సే చేశా, అంతకుముందు నాదస్వరం ఇంట్లో పెరిగినవాణ్ణి, కాబట్టి మీరు రాసింది చదువుతుంటే నా మొదటి సెమిస్టర్ కళ్ళ ముందుకొచ్చింది. ఆ ఏడుపు నాకు తెలుసు.

మీ టేబుల్ తప్పు కాదు కానీ అది స్వరాల జాబితా వరకే పనికొస్తుంది. డోరియన్ అంటే ఖరహరప్రియ అనుకున్న క్షణం మీ చెయ్యి ఖరహరప్రియ సంచారాల్లోకి వెళ్ళిపోతుంది, అది పన్నెండేళ్ళ అలవాటు, దాన్ని తప్పుపట్టలేం, కానీ ఆ సంచారం ఊపిరి తీసుకుని దిగడానికి ఒక ఆవర్తనం కావాలి, ఇక్కడ కార్డ్ నాలుగు అక్షరాల్లో మారిపోతుంది. ఇంకో సంగతి, ఆ టేబుల్ సరిగ్గా అవసరమైన చోట చేతులెత్తేస్తుంది. ఫైవ్ కార్డ్ (స్కేల్‌లో ఐదో స్వరం మీద కట్టింది) మీద టెన్షన్ కోసం వాడే ఆల్టర్డ్ స్కేల్ ఉందే, అందులో పంచమం లేదు, లోక్రియన్‌లోనూ లేదు, హోల్ టోన్‌లోనూ లేదు. 72 మేళకర్తల్లో పంచమం లేనిది ఒక్కటీ లేదు కదా. మరి వాటికి ఏ పేరు పెడతారు?

శక్తి గురించి. అది గొప్ప సంగీతం, మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారు తర్వాత రిమెంబర్ శక్తిలో గిటారిస్ట్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించిన రికార్డింగులు నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కానీ ఆ సంగీతంలో ఎక్కువ భాగం స కదలదు. మనవాళ్ళు అక్కడ అంత స్వేచ్ఛగా ఉండగలగడానికి అదొక కారణం. మీరిప్పుడు చదివేదాంట్లో కిందున్న నేలే కదులుతుంది. అందుకే ఎంత ఫ్యూజన్ విన్నా చేంజెస్, అంటే మారే కార్డ్స్ మీద వాయించడం రాదు, అది వేరే పని.

సరే, పని చూద్దాం. బి ఫ్లాట్‌ని స అనుకోండి. టూ ఫైవ్ వన్ అంటే రెండో, ఐదో, ఒకటో స్వరాల మీద కట్టిన మూడు కార్డ్స్ కదా. సి మైనర్ సెవెన్‌లో ఉండే స్వరాలు రి మ ద స. ఎఫ్ సెవెన్‌లో ప ని రి మ. బి ఫ్లాట్ మేజర్ సెవెన్‌లో స గ ప ని. చూడండి, మొత్తం శంకరాభరణమే, అన్యస్వరం ఒక్కటి లేదు. రాగం మారలేదు, మారింది ఏంటంటే ఎక్కడ నిలబడితే కుదురుగా ఉంటుందో ఆ స్వరం. ప్రతి కార్డ్‌కీ దాని మూడోది, ఏడోది ప్రాణం, గైడ్ టోన్స్ అంటారు. మొదటి కార్డ్‌కి మ, స. రెండోదానికి ని, మ. మూడోదానికి గ, ని. ఇప్పుడు వీటిని రెండు గొంతుల్లా పాడండి, ఒకటి స ని ని, ఇంకోటి మ మ గ. ఒకటి కదిలినప్పుడు ఇంకోటి ఆగుతుంది, కదిలిన ప్రతిసారీ అరమెట్టే దిగుతుంది. జాజ్ హార్మనీలో సగం ఈ చిన్న జారుడే.

మీ బ్లూస్ ఇంకా బాగుంటుంది. బి ఫ్లాట్ సెవెన్‌లో అంతర గాంధారం, కైశిక నిషాదం. ఇ ఫ్లాట్ సెవెన్ రాగానే ఆ అంతర గాంధారం సాధారణ గాంధారం అవుతుంది, నిషాదం చతుశ్రుతి ధైవతానికి దిగుతుంది. తొమ్మిదో బార్‌లో సి మైనర్ సెవెన్, పదోదాంట్లో ఎఫ్ సెవెన్, అక్కడ మాత్రం కాకలి నిషాదం తొంగిచూస్తుంది. ఒకే పాటలో రెండు గాంధారాలు, రెండు నిషాదాలు, ఏది ఎప్పుడో పాటే చెప్తుంది. మీరు మొదటి నుంచి చివరిదాకా హరికాంభోజి వాయించి ఉంటారు, ఇ ఫ్లాట్ వచ్చినప్పుడు మీ అంతర గాంధారం గుచ్చుకుని ఉంటుంది, మీ టీచర్ చెయ్యెత్తింది అక్కడే అయ్యుంటుంది.

రెండు వారాలు వయొలిన్ మీద సోలో వద్దు. తంబూరా యాప్ ఆపేయండి, అది మీ చెవిని ఒక్క స కి కట్టేస్తుంది. మీ బేస్ అబ్బాయిని బతిమాలి ఉత్తి రూట్స్ (ప్రతి కార్డ్ మొదటి స్వరం) వాయించమనండి, లేదా బ్యాకింగ్ వాయించే ఐరియల్ ప్రో యాప్ పెట్టుకుని, రోజూ అరగంట గైడ్ టోన్స్ మాత్రం పాడండి. నోటితో, స్వరం పేరుతో. తర్వాత వయొలిన్ మీద కార్డ్‌కి రెండే స్వరాలు. బోర్ కొడుతుంది. అయినా చెయ్యండి.

తర్వాత ట్రాన్‌స్క్రిప్షన్, అంటే రికార్డింగ్ విని సోలో నేర్చుకోవడం. అకాడెమీలో పీడీఎఫ్‌లు ఇస్తారు, తీసుకోకండి. మన గురువుగారు ఒక సంగతి పాడితే అచ్చంగా వచ్చేదాకా వందసార్లు పాడలేదూ, అదే ఇది, గురువు రికార్డింగ్‌లో ఉన్నాడు అంతే. మైల్స్ డేవిస్ 1959లో రికార్డ్ చేసిన సో వాట్ అనే పాటలో ఆయన సోలోతో మొదలుపెట్టండి, ఎందుకంటే తక్కువ స్వరాలు, పాడుకోవడానికి వీలుగా ఉంటుంది, పాట నిర్మాణం కూడా తేలిక. 16 బార్లు డి డోరియన్, 8 బార్లు అదే అరమెట్టు పైకి జరిగి ఇ ఫ్లాట్ డోరియన్, మళ్ళీ 8 బార్లు కింద. తంబూరా అరమెట్టు పైకి జరిగి మళ్ళీ దిగినట్టు. మీ చెవికి మొదటి కదలిక అలవాటు కావడానికి ఇంతకంటే మంచి పాట నాకు తెలీదు. సోలో మొత్తం పాడటం వచ్చాకే వయొలిన్ ముట్టుకోండి.

శ్రుతి విషయంలో మాత్రం నా మాట జి డి ఎ ఇ కి మారిపోండి అనే, మొహమాటం లేకుండా.

వరంగల్ దరువు:

చెల్లె, నేను వరంగల్ల మృదంగం నేర్సుకున్న, ఇప్పుడు హైదరాబాద్‌ల డ్రమ్స్ వాయిస్త. టెనార్ అన్న స్వరం గురించి మంచిగ చెప్పిండు, నేను తాళం గురించి చెప్త.

12 బార్లు అంటే 48 అక్షరాలు, మన ఆది తాళం 6 ఆవర్తనాలు. దాన్ని మూడు లైన్లు అనుకో, ఒక్కో లైన్ రెండు ఆవర్తనాలు. మొదటి లైన్ల ఒక మాట అంటరు, రెండో లైన్ల అదే మాట మళ్ళ అంటరు కానీ కింద కార్డ్ మారి ఉంటది, మూడో లైన్ల దానికి జవాబు. బ్లూస్ పాటల సాహిత్యం గట్లనే ఉంటది. ఇది పట్టుకుంటే బార్లు లెక్కపెట్టే పనే ఉండదు, లెక్కపెడుతున్నవంటే ఇంక వింటలేవన్నట్టే. 32 బార్ల పాటైతే 16 ఆవర్తనాలు.

ఇంక స్వింగ్. పుస్తకాలల్ల ట్రిప్లెట్ అని రాస్తరు, మన భాషల తిస్ర నడక, తకిట ల మొదటి అక్షరం, మూడో అక్షరం పలికి మధ్యది మింగాలె. కానీ అచ్చం గంతే వాయిస్తే గుర్రం నడిచినట్టు ఉంటది, మెల్లగున్నప్పుడు తిస్రానికి దగ్గర, స్పీడ్ పెరిగినకొద్ది చతురశ్రం దిక్కు సాగుతది, గది రాసి చూపెట్టలేం, రైడ్ సింబల్ పక్కన కూసొని వినాల్సిందే. ఇంకోటి, మనం సమం మీద దెబ్బ వేస్తం, వీళ్ళ బరువు రెండు, నాలుగు మీద ఉంటది, హైహ్యాట్ అక్కడనే మూసుకుంటది. 160 టెంపో అయితే మెట్రోనోమ్ 80 కి పెట్టి ఆ క్లిక్‌ని రెండు, నాలుగు అనుకొని పాడు. మొదటి మూడు దినాలు తల తిరుగుతది, నాలుగో దినం కాలు దానంతట అదే పడ్తది.

ముక్తాయింపుల గురించి ఒక మాట. మనకు మూడు సార్లు వేసి సమానికి దిగుడు రక్తంలనే ఉంది, జాజ్ వాళ్ళు కూడ అది వింటే సంబురపడ్తరు, నా ఫ్రెండ్స్ చప్పట్లు కూడ కొట్టిర్రు. గందుకే నేను ప్రతి కోరస్‌ల వేస్తుంటి. ఒకరోజు పియానో ఆయన అడిగిండు, నువ్వు లెక్క కట్టే ఆ రెండు లైన్లల్ల నేనేం వాయించిన్నో చెప్పు అని. నాకు తెల్వదు. అప్పటిసంది సోలో మొత్తంల ఒక్కటే, అదీ దానంతట అది వస్తేనే.

ట్రేడింగ్ ఫోర్స్ వచ్చినప్పుడు మాత్రం నువ్వే రాణివి. నాలుగు బార్లు నువ్వు, నాలుగు డ్రమ్మర్. తని ఆవర్తనంల కొరప్పు (వంతులేసుకొని జవాబులిచ్చుడు) ఎన్నిసార్లు విన్నవో యాది తెచ్చుకో, ఎదుటోడి ఆఖరి మాట పట్టుకొని అక్కడి నుంచే మొదలుపెట్టు.

పాతతీగ:

అమ్మాయ్, నేను వయొలిన్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, వయసు చెప్పను గానీ నా శిష్యురాళ్ళకి మనవలున్నారు. నీది విజయనగరం అని చదివి ఆగిపోయాను. 1919 లో మొదలైన కాలేజీ అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఆ వరండాల్లో వయొలిన్ పట్టుకున్న పిల్ల జాజ్ నేర్చుకుంటోందంటే నాకు బెంగ లేదు, సంతోషమే. అసలు ఈ వాయిద్యం మనకి వచ్చిందే అటునుంచి. ముత్తుస్వామి దీక్షితర్ గారి తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసు వైపు ఒక యూరోపియన్ దగ్గర కూర్చుని నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చాడు.

అందుకని నీకొక అభ్యాసం చెప్తాను, ఇది ఆ అబ్బాయిలు చెప్పినవాటికి అడ్డు రాదు. నువ్వు చిన్నప్పుడు నొట్టుస్వరాలు నేర్చుకునే ఉంటావు. సంతతం పాహిమాం వాయించావా? ఆ వరస బ్రిటిష్ వాళ్ళ జాతీయగీతం వరస. నొట్టుస్వరాలన్నీ శంకరాభరణం స్వరాలే, గమకం లేకుండా సాదాగా ఉంటాయి, చాలావాటి వరసలు కార్డ్స్ ఉన్న దేశం నుంచి వచ్చినవి. నీ చేతికి వచ్చిన పాట కాబట్టి పైవరస గురించి ఆలోచించక్కర్లేదు. ఎవరిచేతైనా కీబోర్డ్ మీద దానికి కింద స, మ, ప కార్డ్స్ వేయించుకుని పాడు. తెలిసిన పాట కింద నేల కదలడం అంటే ఏమిటో మొదట అక్కడ వినపడుతుంది. తర్వాత బ్లూస్‌కి వెళ్ళు.

గమకం సంగతి. ఖరహరప్రియ గాంధారాన్ని మనం ఊపుతాం, పియానో అబ్బాయి అదే స్వరం సాదాగా నొక్కుతాడు, రెండూ కలిస్తే నీ గాంధారమే శ్రుతి తప్పినట్టు వినిపిస్తుంది. ఆ టెనార్ అబ్బాయి చెప్పినట్టు రెండు గాంధారాల మధ్య తేడాయే పాట అయినప్పుడు దాన్ని ఊపితే తేడా చెరిగిపోతుంది. అక్కడ సాదాగా నిలుపు. కానీ సాధారణ గాంధారం నుంచి అంతర గాంధారానికి జారు వేసి చూడు, బ్లూస్ పాడేవాళ్ళ గొంతు అదే చోట తిరుగుతుంది, ఆ పని నీ వేలికి వాళ్ళందరికంటే బాగా తెలుసు. గమకం మానెయ్యమని ఎవరన్నా అంటే వినకు, ఎక్కడ వెయ్యాలో చూసుకో.

శ్రుతి విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. స ప స ప వదిలెయ్యద్దు. పన్నెండేళ్ళ చెయ్యి అది.

టెనార్‌గాలి:

అమ్మా, మీ నొట్టుస్వరాల మాట నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు, నా పిల్లలకి రేపే చెప్తా. కానీ శ్రుతి మీద ఒక్కసారి ఆలోచించండి. స ప స ప లో తీగల మధ్య దూరం ఒకసారి పంచమం, ఒకసారి మధ్యమం. ఒకే స మీద ఉన్నంతసేపు అది వరం. కానీ ఒకే గంటలో నాలుగు శ్రుతుల్లో వాయించాలంటే, ఇ ఫ్లాట్‌లో నేర్చుకున్న వేళ్ళ వరస పక్క తీగ మీదికి వెళ్ళగానే మారిపోతుంది. జి డి ఎ ఇ లో అన్నీ పంచమాలే, ఒక వరస నేర్చుకుంటే ఎక్కడికైనా జరుపుకోవచ్చు. పైగా అకాడెమీలో వయొలిన్ టీచర్ చూపించే ప్రతి వేలూ ఆ లెక్కలోనే ఉంటుంది.

పాతతీగ:

నీ లెక్క అర్థమైంది నాయనా, నిజమే. అయితే రెండు వయొలిన్లు పెట్టుకోమను. ఇంట్లోది స ప స ప, కింద కూర్చునే వాయించాలి. అకాడెమీది జి డి ఎ ఇ, నిలబడే వాయించాలి. ఒకే వాయిద్యాన్ని పొద్దున ఒక శ్రుతి, సాయంత్రం ఒక శ్రుతి చేస్తే తీగా నిలవదు, చెయ్యీ నిలవదు. కూర్చుంటే ఒక భాష, నిలబడితే ఇంకో భాష అని ఒంటికి తెలిసిపోవాలి. రోజూ కింద కూర్చుని ఒక వర్ణమైనా వాయించు తల్లీ, అది మాత్రం నా కోసం.

డెంటన్ కీస్:

డిగ్రీ గురించి అడిగారు కదా, నాకు తెలిసింది చెప్తా. మా చెల్లి టెక్సాస్‌లో డాలస్ పక్కన డెంటన్‌లో యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సాస్‌లో జాజ్ పియానో చదివింది. మనవాళ్ళు వందలమంది అదే క్యాంపస్‌లో కంప్యూటర్స్ ఎమ్మెస్ చేసి వెళ్ళిపోతారు గానీ 1947 లో అమెరికాలో మొదటి జాజ్ డిగ్రీ మొదలైంది అక్కడే అని చాలామందికి తెలీదు. బిగ్ బ్యాండ్స్‌కి వన్ ఓ క్లాక్, టూ ఓ క్లాక్ అని ప్రాక్టీస్ చేసే టైమే పేరు. రవిశంకర్ గారి అమ్మాయి నోరా జోన్స్ అక్కడే జాజ్ పియానోలో చేరి డిగ్రీ పూర్తవకుండా న్యూయార్క్ వెళ్ళిపోయారు.

డబ్బు విషయం జాగ్రత్తగా చదవండి. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో కనీసం 1,000 డాలర్ల కాంపిటీటివ్ స్కాలర్‌షిప్ వస్తే బయటి విద్యార్థికి కూడా లోకల్ ఫీజు వేసే వెసులుబాటు రూల్స్‌లో ఉంది, అందరికీ రాదు, పరిమితి ఉంటుంది, కానీ ఆడిషన్ బాగా చేసినవాళ్ళకి డిపార్ట్‌మెంటే దారి చూపిస్తుంది. స్కాలర్‌షిప్ చిన్నదే కదా అని వదిలేసుకోకండి, దాని వెనక వచ్చే ఫీజు తగ్గింపు దానికి ఎన్నో రెట్లు.

యూరప్ అయితే ఆస్ట్రియాలో గ్రాట్స్‌లో 1965 నుంచి జాజ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. జర్మనీలో కొలోన్, బెర్లిన్ లాంటి చోట్ల ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల్లో జాజ్ డిగ్రీలున్నాయి, చాలా రాష్ట్రాల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, బాడెన్ వుర్టెంబర్గ్‌లో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకి 2017 నుంచి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. సీట్లు చాలా తక్కువ, జర్మన్ రావాలి. ఎక్కడైనా ముందు వీడియో పంపాలి, అది నచ్చితేనే ఆడిషన్. మామూలుగా ఒక బ్లూస్, ఒక బాలాడ్, ఒక స్పీడ్ పాట అడుగుతారు, సైట్ రీడింగ్ ఉంటుంది, వాళ్ళొక ముక్క వాయిస్తే మీరు తిరిగి వాయించాలి. ఆ చివరిదాంట్లో గురుముఖతా నేర్చుకున్న పిల్లలు మెరుస్తారు, సైట్ రీడింగ్‌లో దెబ్బతింటారు, కాబట్టి దాన్ని ఇవాళ్టి నుంచే రోజుకి ఇరవై నిమిషాలు చెయ్యండి.

ఇంకొకటి, బాలాడ్ నేర్చుకునేటప్పుడు మాటలతో సహా నేర్చుకోండి. సాక్సోఫోన్ డెక్స్‌టర్ గోర్డన్ స్టేజ్ మీద బాలాడ్ వాయించేముందు ఆ పాటలో మాటలు చదివి వినిపించేవారు. కీర్తన సాహిత్యం తెలీకుండా నెరవల్ చెయ్యం కదా మనం.

ఫిడేలుపిల్ల:

మీరందరూ ఇంత రాస్తారనుకోలేదు. రాత్రి రెండు సార్లు చదివా. టెనార్ అన్నా, మీరన్నట్టే మొత్తం హరికాంభోజే వాయించా, రికార్డింగ్ మళ్ళీ విన్నా, ఐదో బార్‌లో నాకే చెవి గుచ్చుకుంది, ఇన్నాళ్ళూ నా రికార్డింగ్ నేను వినలేదు. పాతతీగ అమ్మా, సంతతం పాహిమాం నాకు వచ్చు, రెండో వయొలిన్ ఇక్కడ సీనియర్ ఒకమ్మాయి దగ్గర అద్దెకి దొరికేలా ఉంది. వర్ణం సంగతి మాటిస్తున్నా.

ఎన్సాంబుల్‌లో డ్రమ్స్ ముందు నా వయొలిన్ ఎవరికీ వినపడదు, పికప్ (వయొలిన్ శబ్దాన్ని యాంప్లిఫయర్‌కి పంపేది) కొనాలా?

వరంగల్ దరువు:

కొనాలె. 1930ల్లోనే జాజ్ వయొలినిస్ట్ స్టఫ్ స్మిత్ వయొలిన్‌కి యాంప్లిఫయర్ పెట్టి వాయించిండు. వయొలిన్ గ్రాపెల్లి, గిటార్ జాంగో రైన్‌హార్ట్ 1934 ల పారిస్‌ల కట్టిన బ్యాండ్ల డ్రమ్సే లేకుండె, గందుకే అక్కడ ఆ మెత్తని వయొలిన్ అంత మంచిగ వినపడ్తది. నీ క్లాస్‌ల డ్రమ్స్ ఉంది కదా, వినపడాలని విల్లు గట్టిగ అదిమితే నీ టోన్ పోతది. బ్రిడ్జికి తగిలించే మామూలు పికప్ చాలు ఇప్పటికి.

ఫిడేలుపిల్ల:

మూడు వారాల తర్వాత వస్తున్నా. రెండు వారాలు సోలో ముట్టుకోలేదు, టీచర్‌కి కూడా చెప్పా, సరే అన్నారు. పొద్దున కింద కూర్చుని వర్ణం, తర్వాత బేస్ అబ్బాయితో గైడ్ టోన్స్ పాడటం, సాయంత్రం మైల్స్ సోలో. మొదటి వారం ఇ ఫ్లాట్ సెవెన్ వచ్చిన ప్రతిసారీ గొంతు అంతర గాంధారం దగ్గరే ఉండిపోయేది, దించాలంటే చేత్తో తోసినంత కష్టమైంది. ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో బస్సులో వస్తుంటే ఏదో హారన్ శ్రుతికి పాడుకుంటున్నా, ఐదో బార్‌కి దానంతట అది దిగింది, నేను దించలేదు. బస్సు దిగేవరకూ అదే పాడుకుంటూ ఉన్నా.

నిన్న ఎన్సాంబుల్‌లో మళ్ళీ బి ఫ్లాట్ బ్లూస్. మూడు కోరస్‌లు వాయించా. రెండోదాంట్లో తొమ్మిదో బార్‌లో తప్పిపోయా, కానీ ఈసారి ఆపలేదు, నేనూ కంగారుపడలేదు, బేస్ వింటూ నాలుగు అక్షరాలు ఊరుకున్నా, పదో బార్‌లో కాకలి నిషాదం పట్టుకుని ఎక్కా. టీచర్ ఏమీ అనలేదు, పియానో అమ్మాయికి ఏదో చెప్పి ముందుకెళ్ళిపోయారు. బయటికొచ్చాక బేస్ అబ్బాయి ఇవాళ నువ్వు నాతో ఉన్నావు అన్నాడు.

జ్యూరీకి బ్లూస్‌తో పాటు బి ఫ్లాట్‌లో రిథమ్ చేంజెస్ (ఐ గాట్ రిథమ్ పాట కార్డ్స్ మీద కట్టిన) పాట కూడా వెయ్యమన్నారు, మూడు వారాలుంది. ఎ సెక్షన్ చూసుకుంటున్నా, బ్రిడ్జ్‌లో, అంటే పాట మధ్య భాగంలో డి సెవెన్, జి సెవెన్, సి సెవెన్, ఎఫ్ సెవెన్ రెండేసి బార్లు ఉన్నాయి, ఇవి శంకరాభరణంలో ఇమడట్లేదు. ఎలా పాడాలి?

టెనార్‌గాలి:

ఇమడవు, అదే దాని అందం. బి ఫ్లాట్‌నే స గా ఉంచి రెండు గొంతులూ రాస్తున్నా. ఒకటి శుద్ధ ధైవతం, పంచమం, ప్రతి మధ్యమం, శుద్ధ మధ్యమం. ఇంకోటి చతుశ్రుతి రిషభం, శుద్ధ రిషభం, షడ్జం, కాకలి నిషాదం. రెండూ మెట్టు మెట్టుగా అరేసి దిగుతాయి, ఒక్కో స్వరం రెండు బార్లు, అంటే సరిగ్గా ఒక ఆది తాళం ఆవర్తనం. చివరి శుద్ధ మధ్యమం నుంచి గాంధారానికి జారితే మళ్ళీ ఇంట్లో ఉంటారు. ముందు మెల్లగా 100 లో పాడండి, బేస్ అబ్బాయిని కూడా కూర్చోబెట్టుకోండి. ఫోన్‌లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి, వింటా.